బొమ్మల కొలువులో పొగబండి

సంక్రాంతి నెల పట్టిందంటే గుంటూరు, ఒంగోలు వైపు ఇళ్ళలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. పాతచీరల మడతల్లోంచి కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు, ఎప్పుడో కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న రేకు మోటారు ఒక్కొక్కటే బయటికి వచ్చి మెట్ల మీద కొలువు తీరుతాయి. ఈ మధ్య కొన్ని ఇళ్ళలో ఆ మెట్ల మీదికి కొత్త చుట్టం ఒకటి వచ్చి చేరుతోంది. జానెడుకు కాస్త మించిన పొడుగు, చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికన్న ఎక్కువ బరువు, నిగనిగలాడే రంగు, సూదిమొనతో రాసినట్టున్న అంకెలు. అది పొగబండి ఇంజను నమూనా.

అబ్బాయి లండనులోనో డల్లాసులోనో వుంటాడు. నాన్నగారికి చిన్నతనం నుంచీ పొగబండి అంటే ప్రాణమని తెలుసు. సెలవుల్లో వస్తూ అట్టపెట్టెలో పదిలంగా పెట్టి తెస్తాడు. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని గంటసేపు దాన్ని తిప్పి తిప్పి చూస్తారు. అమ్మగారు ధర కనుక్కుని గుండెమీద చెయ్యి వేసుకుంటారు. మనవడు పట్టాలు లేకుండానే గచ్చు మీద తోసెయ్యబోతాడు. ఇక ప్రశ్నలు మొదలవుతాయి. ఇది ఆటబొమ్మా, అలంకారమా? ఇంత డబ్బు పోసి కొనదగిన వస్తువేనా? కొన్నాక దీన్ని ఏం చేసుకోవాలి?

ఈ వారం ఆ సంగతే ముచ్చటిద్దాం.

పిడతల నుంచి పట్టాల దాకా

ఇంజను నమూనాలలో మూడు తరగతులున్నాయి. ఇత్తడిరేకు కోసి, అతికి, చక్రం దగ్గర నుంచి చేత్తో చేసుకునేది మొదటిది. అది ఏళ్ళ తరబడి సాగే తపస్సు. విడిభాగాలు పెట్టెలో వస్తే ఇంట్లో కూర్చుకుని రంగు వేసుకునేది రెండోది. మూడోదాన్ని 'రెడీ టు రన్' అంటారు. పెట్టె విప్పి, పట్టాల మీద పెట్టి, కరెంటు ఇస్తే కదిలిపోతుంది. దర్జీ దగ్గర కుట్టించుకునే చొక్కాకూ, దుకాణంలో కొని తొడుక్కునే చొక్కాకూ వున్న తేడా అనుకోండి. మన ఇళ్ళకు వస్తున్నవి ఈ మూడో రకానివే.

ఈ రకానికి పుట్టిల్లు వంటింటి బొమ్మలంటే నమ్ముతారా? జర్మనీలో గోపింగెన్ అనే వూళ్ళో 1859లో మార్క్‌లిన్ కుటుంబం బొమ్మల వ్యాపారం మొదలుపెట్టింది. తొలిరోజుల్లో వాళ్ళు చేసింది ఆడపిల్లలు ఆడుకునే రేకు వంటసామాను, అంటే మన లక్కపిడతలకు అక్కచెల్లెళ్ళన్నమాట. 1891లో లైప్‌జిగ్ సంతలో వాళ్ళు కీ ఇస్తే నడిచే రైలును పెట్టారు. అందులోని తెలివంతా పట్టాల కొలతలో వుంది. పట్టాలకు ఫలానా కొలత అని ఖాయం చేసి, ఆ కొలతకే బండ్లు తయారుచేశారు. ఈ ఏడు ఇంజను కొంటే వచ్చే ఏడు రెండు పెట్టెలు, ఆ మీదటి ఏడు ఒక స్టేషను కలుపుకోవచ్చు. బొమ్మరింటికి సామాను చేర్చుకున్నట్టే. ఈనాటికీ ఈ వ్యాపారమంతా ఆ సూత్రం మీదనే నడుస్తోంది.

ఇంగ్లండులో ఈ ఘనత ఫ్రాంక్ హోర్న్‌బీది. లివర్‌పూల్ వాడు. మరలు బిగించి వంతెనలు, క్రేనులు కట్టుకునే మెకానో ఆటకు 1901లో పేటెంటు పొందిన మనిషి ఈయనే. 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్ళు తెచ్చారు. ఆయన పోయిన తరువాత, 1938లో, ఆ కంపెనీవారు బల్లమీద ఇమిడే చిన్న కొలతలో 'హోర్న్‌బీ డబ్లో' రైళ్ళు విడుదల చేశారు. 1964లో కంపెనీ చేతులు మారింది. పేరు మాత్రం ఇప్పటికీ ఇంజను పెట్టెల మీద వెలుగుతూనే వుంది. 2003లో ఆ పేరుతోనే, జానెడున్నర కూడా లేని ఇంజనులో నిజంగా నీళ్ళు మరిగి ఆవిరితో నడిచే 'మాలర్డ్' నమూనా వచ్చింది. అసలు మాలర్డ్ 1938 జూలై 3న గంటకు 126 మైళ్ళ వేగంతో పరుగెత్తి, ఆవిరి ఇంజన్లలో ఈనాటికీ ఎవరూ దాటని రికార్డు నెలకొల్పింది.

ఎక్కడ చూడాలి?

వీణ విలువ వినే చెవిని బట్టి వుంటుందంటారు. ఇంజను నమూనా విలువ కూడా అంతే, చూసే కంటిని బట్టి వుంటుంది. కొనడానికి డబ్బు కావాలి గాని, చూడడం నేర్చుకోవడానికి ఒక్క పైసా అక్కరలేదు.

ముందు చక్రాలు లెక్కపెట్టండి. అమెరికాలో ఫ్రెడరిక్ వైట్ అనే ఆయన 1900లో ఒక సులువైన లెక్క చెప్పాడు. ముందున్న చిన్నచక్రాలెన్ని, మధ్య పెద్దచక్రాలెన్ని, వెనుక చిన్నచక్రాలెన్ని? నాలుగు, ఆరు, రెండు అయితే అది ప్యాసింజరు ఇంజను పోలిక. రెండు, ఎనిమిది, రెండు అయితే బరువు లాగే గూడ్సు ఇంజను పోలిక. పెద్దచక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, కనుక వేగానికి పనికొస్తుంది. చిన్నచక్రాలు ఎక్కువగా వుంటే పట్టు ఎక్కువ, కనుక బరువుకు పనికొస్తాయి. పందెపు ఎద్దుకూ అరక ఎద్దుకూ వున్న తేడా రైతుబిడ్డలకు నేను చెప్పాలా?

మరి వెనుకనున్న ఆ రెండు చిన్నచక్రాలు ఎందుకు? వాటిపైన నిప్పుగది వుంటుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, వేడి తక్కువ. అదే వేడి రావాలంటే వెడల్పాటి గదిలో ఎక్కువ బొగ్గు పరిచి కాల్చాలి. ఆ వెడల్పాటి గదిని పెద్దచక్రాల మధ్య ఇరికించలేరు. అందుకని వెనక్కి జరిపి, దానికింద చిన్నచక్రాలు పెట్టారు. బొగ్గు గుణం ఇంజను రూపంలో కనిపిస్తుందన్నమాట. ఇది తెలిశాక బొమ్మ వెనుకభాగాన్ని మళ్ళీ చూడండి. ఇందాక కనిపించనిది ఇప్పుడు కనిపిస్తుంది.

తరువాత కడ్డీలు. పిస్టను నుంచి చక్రానికి వచ్చే కడ్డీ, చక్రాలను కలిపే కడ్డీ, వాటిపైన వయ్యారంగా వూగే సన్నని కడ్డీలు. ఆవిరిని ఏ క్షణాన ఏ వైపు వదలాలో ఆ సన్నకడ్డీలు చెబుతాయి. 1844లో బెల్జియం దేశస్థుడు వాల్షార్ట్ కనిపెట్టిన ఏర్పాటు అది. చవకరకం బొమ్మల్లో ఇవి వుండవు, లేదా కదలని అచ్చుముక్కగా వుంటాయి. మంచి నమూనాలో ఇవి కదులుతాయి. ఇంజనును నెమ్మదిగా నడిపించి ఈ కడ్డీలను చూడడమే ఈ వినోదంలో సగం ఆనందం.

నెమ్మదిగా అన్నాను. దానికీ లెక్క వుంది. నమూనా 76వ వంతు కొలతలో వుందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 76తో భాగిస్తే సెకనుకు 22 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మీటరు పొడుగు పట్టాను దాటడానికి నాలుగున్నర సెకన్లు పట్టాలి. పిల్లలు దాన్ని ఒక్క సెకనులో దాటిస్తారు. ఆ లెక్కన నిజం బండి గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు!

చివరగా చెవి. ఇప్పటి ఖరీదైన ఇంజన్లలో చిన్న చిప్పు వుండి చప్పుడు కూడా చేస్తుంది. మన వై.పి. ఇంజనుకు రెండు సిలిండర్లు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు ఆవిరి బయటికి తంతుంది. 'చుక్ చుక్ చుక్ చుక్' అని పిల్లలు పాడుకునే పాటకు మూలం అదే. బ్రిటన్‌లో పేరుమోసిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'కు మూడు సిలిండర్లు. చుట్టుకు ఆరు దెబ్బలు. నరసరావుపేట స్టేషను పక్కన పెరిగిన పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నా సరే, "ఇది మన బండి కాదే!" అంటారు.

గేజీ తగవు

ఈ రంగంలో తరచు వినిపించే మాటలు రెండు. 'హెచ్.ఓ.' అంటే అసలులో 87వ వంతు. 'డబల్ ఓ' అంటే 76వ వంతు. చిత్రమేమంటే రెండింటికీ పట్టాలు ఒకటే, మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు.

యూరపులో, అమెరికాలో అసలు పట్టాల మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే సరిగ్గా 16.5 వస్తుంది. అక్కడికి బాగానే వుంది. కాని బ్రిటిషు ఇంజన్లు అసలే చిన్నవి. 87వ వంతుకు కుదిస్తే ఆ రోజుల మోటారు లోపల పట్టలేదు. అందుకని వాళ్ళు ఒళ్ళు కాస్త పెంచి 76వ వంతు చేశారు, పట్టాలు మాత్రం పాతవే వుంచారు. అంటే బ్రిటిషు నమూనాలన్నీ ఉండవలసిన దానికన్న ఇరుకు పట్టాల మీద నిలబడ్డాయన్నమాట. పెద్దమనిషికి చిన్నవాడి చెప్పులు తొడిగినట్టు. ఎనభైయేళ్ళకు పైగా ఆ తగవు నడుస్తూనే వుంది.

మరి మన సంగతి? బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసు పోయే బ్రాడ్‌గేజి ఎడం 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు. దుకాణంలో దొరికే 16.5 పట్టాలు దానికి ఇరుకు. ఇక గుంటూరు నుంచి గుంతకల్లు పోయిన పాత మీటరుగేజికి పట్టాల ఎడం 1,000 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పదకొండున్నర. 12 మిల్లీమీటర్ల పట్టాలు దుకాణాల్లో దొరుకుతాయి. స్విట్జర్లాండులోని మీటరుగేజి కొండరైళ్ళ నమూనాలను బేమో అనే జర్మను కంపెనీ ఆ పట్టాల మీదనే నడుపుతుంది. అంటే లెక్క ప్రకారం మన పల్నాటి బండికి పట్టాలు సిద్ధంగా వున్నాయి. కాని ఇంజనేదీ?

మన బండి ఏది?

అసలు విషయం ఇక్కడుంది.

గుంటూరులో బయలుదేరి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలలో దూరి, నంద్యాల దాటి గుంతకల్లు చేరే లైను మన జిల్లాల వెన్నెముక. 1876-78 నాటి ధాత కరువులో తిండి దొరికే చోటు నుంచి తిండి లేని చోటుకు గింజలు చేర్చే దారి లేక జనం రాలిపోయారు. ఆ తరువాత కరువు నివారణ దృష్టితో తలపెట్టిన లైన్లలో ఇది ఒకటి. 1880 దశకంలో పని సాగింది. సదరన్ మరాఠా రైల్వేవారు నడిపారు. కరువుకోసం వేసిన పట్టాల మీదనే తరువాత పత్తి బేళ్ళూ మిరప టిక్కీలూ ప్రయాణం చేశాయి. పెళ్ళివారు ప్రయాణం చేశారు. కాలేజీకి మొదటిసారి గుంటూరు పోయే కుర్రవాడు ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని ప్రయాణం చేశాడు.

స్వాతంత్ర్యం వచ్చాక మీటరుగేజి లైన్ల మీద తిరిగిన ఇంజన్లలో ముఖ్యమైనవి వై.పి., వై.జి. 'వై' అంటే మీటరుగేజి. 'పి' అంటే ప్యాసింజరు, 'జి' అంటే గూడ్సు. తొలి వై.పి.లు 20, 1949లో అమెరికాలోని బాల్డ్విన్ కార్ఖానా నుంచి వచ్చాయి. మొత్తం 871 తయారైతే, అందులో 551 మన జంషెడ్‌పూరులో టెల్కోవారు చేసినవే. నాలుగు, ఆరు, రెండు చక్రాలు. పెద్దచక్రం నాలుగున్నర అడుగులు. బ్రాడ్‌గేజి మీద దీనికి పెద్దన్న డబ్ల్యు.పి. బుల్లెట్టు మూతి, దాని నడుమ నక్షత్రం. అవి 755 తయారయ్యాయి. ఎదుట నిలబడి చూస్తే రెంటికీ తేడా ఇట్టే తెలుస్తుంది. బ్రాడ్‌గేజి ఇంజనుకు ముందు రెండు బఫర్లు, చెవులకు దుద్దుల్లాగ. మీటరుగేజికి నడుమ ఒక్కటే, ముక్కుపుడక లాగ.

కార్ఖానాలు ఆవిరి ఇంజన్లు చెయ్యడం 1972తో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి మీద ఆవిరిబండ్ల రోజువారీ సర్వీసులు 1995లో ముగిశాయి. మన గుంతకల్లు లైను 1990 దశకంలో బ్రాడ్‌గేజి అయింది. నల్లమలలో లోయమీద సన్నని ఇనుపకాళ్ళతో నిలిచిన దొరబావి వంతెనకు అప్పుడే పని తప్పింది.

ఇప్పుడు దుకాణాల జాబితాలు తిరగెయ్యండి. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఎన్ని రంగుల్లోనైనా దొరుకుతుంది. జర్మనీవారి ఇంజన్లు, అమెరికావారి మహాకాయాలు కొల్లలు. మన దేశం వరకు వస్తే, దార్జిలింగ్ కొండబండి మీద విదేశీయులకు మోజు వుంది కనుక దాని నమూనాలు వచ్చాయి. వినుకొండ స్టేషనులో నీళ్ళు తాగిన వై.పి. మాత్రం మామూలు దుకాణపు బీరువాలో కనిపించే వస్తువు కాదు.

ఎందుకని? ఇందులో ఎవరి కుట్రా లేదు. రెడీమేడ్ ఇంజను చెయ్యాలంటే ముందు ఉక్కు అచ్చులు చెక్కాలి. ఆ ఖర్చు చాలా పెద్దది. కొన్నివేల ఇంజన్లు అమ్ముడుపోతేనే గిట్టుబాటు. ఆ కొనేవారెవరు? చిన్నప్పుడు ఆ ఇంజనును ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినవారు, పెద్దయ్యాక చేతిలో నాలుగు డబ్బులు ఆడినవారు. ఇంగ్లండులో ఆ తరం కొన్నది, పిల్లలకు నేర్పింది, పుస్తకాలు రాసింది, కొలతలు భద్రపరిచింది. అందుకే చనిపోయిన ఇంజన్లు అక్కడ బల్లల మీద బతికున్నాయి. మనవారు చూశారు, ఎక్కారు, మసి కంట్లో పడితే పైట చెంగుతో వూదించుకున్నారు. రాసిపెట్టుకోలేదు.

వై.పి. బండిమీద 1970లో పాతికేళ్ళ వయస్సులో బొగ్గు ఎగదోసిన ఫైర్‌మన్‌కు ఇప్పుడు ఎనభై దాటింది. దీపం ఎక్కడ తగిలించేవారో, టెండరు మీద అక్షరాలు ఏ రంగులో వుండేవో, కనుమ ఎక్కేటప్పుడు చప్పుడు ఎలా మారేదో చెప్పగలవారు ఆయనా, ఆయన యీడువారే. రేపు ఎవరైనా ముందుకు వచ్చి, "మీ బండి నమూనా చేస్తాం, వివరాలివ్వండి" అంటే, అప్పటికి చెప్పేవారు వుండాలి కదా!

కొనాలా, వద్దా?

ఇక అమ్మగారి ప్రశ్నకు వద్దాం. బ్రిటిషు కంపెనీల పెద్ద ఇంజను కొత్తది 150 నుంచి 250 పౌండ్ల దాకా పలుకుతోంది. పైగా మనదేశంలో దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్నమాట కాదు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె పక్కన పెట్టి చూస్తే అమ్మగారి చెయ్యి గుండెమీదికి పోవడంలో న్యాయం వుంది.

కాని సేకరణకు మన ఇళ్ళలోనే చక్కని నియమం వుంది. కొలువు పెట్టేవారు ఏడాదికి ఒక్క కొత్తబొమ్మ చేరుస్తారు. పేరంటానికి వచ్చినవారు "ఇది ఎక్కడిదండీ?" అని అడిగితే దాని కథ చెబుతారు. 'ఇది మా అత్తగారు కాశీ నుంచి తెచ్చింది, ఇది మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు కొన్నది' అని. కథ లేని బొమ్మ కొలువులో వున్నా లేనట్టే. ఇంజన్లకూ ఈ నియమమే పెట్టుకోండి. ఏడాదికి ఒకటి, లేదా రెండేళ్ళకు ఒకటి. దాని కథ ఇంటిల్లిపాదికీ తెలిసిన తరువాతనే మరొకటి. పాతిక పెట్టెలు కొని విప్పకుండా బీరువాలో పెట్టేవారు వున్నారు, ధర పెరుగుతుందని. పెరగవచ్చు, తరగనూ వచ్చు. అచ్చు చేతిలో వున్న కంపెనీ రేపు మళ్ళీ అదే ఇంజను విడుదల చేస్తే నిన్నటి అపురూపం నేడు మామూలు సరుకవుతుంది. బంగారం కొన్నట్టు ఇంజన్లు కొనకండి.

ఒకటే కొనగలిగితే ఏది కొనాలి? నా సలహా ఇది. మన ఇంజనుకు దగ్గరి పోలికలున్నదాన్ని చూడండి. నాలుగు, ఆరు, రెండు చక్రాలు, రెండు సిలిండర్లు, వెడల్పు నిప్పుగది వున్న అమెరికను ఇంజను నమూనాలు దొరుకుతాయి. మన వై.పి., డబ్ల్యు.పి.లకు తొలి కార్ఖానా అమెరికాదే కనుక ఆ ముఖకవళికలు కనిపిస్తాయి. చుట్టుకు నాలుగు దెబ్బల చప్పుడూ కలుస్తుంది.

అంత వీలుకానివారికి ఏటికొప్పాకలో అంకుడుకర్రతో తరిణె పట్టి లక్కరంగులద్దిన రైలుబండి వుండనే వుంది. అది కొలతల్లో నమూనా కాదు. కాని మనవాళ్ళ చేతిలో పుట్టిన బండి.

దూది, కారం, ఎండ

విదేశీ పుస్తకాలు చెప్పని జాగ్రత్తలు కొన్ని మన ప్రాంతానికి ప్రత్యేకంగా కావాలి.

మొదటి శత్రువు నూగు. జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల ఇళ్ళలో గాలిలోనే దూది వుంటుంది. అది పట్టాల మీద వాలి, నూనెతో కలిసి, ఇరుసులకు దారంలా చుట్టుకుంటుంది. ఇంజను కుంటుతూ నడిస్తే మోటారు పోయిందని బెంగపడకండి. వెల్లకిలా తిప్పి, మెత్తనిగుడ్డ మీద పడుకోబెట్టి, సన్నని పట్టకారుతో ఆ చుట్టలు లాగెయ్యండి. మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఆ ధూళి కూడా తోడవుతుంది. అద్దాలపెట్టె తప్పనిసరి.

రెండోది ఎండ. రెంటచింతల ఎండల సంగతి కొత్తగా చెప్పేదేముంది? కిటికీ పక్కనా, ఎండలో నిలిపిన కారులోనూ పెడితే ప్లాస్టిక్కు వంకర తిరుగుతుంది, రంగు వెలుస్తుంది. పోనీ చల్లగా వుంటుందని ఎయిర్‌కూలరు ఎదుట పెడితే ఆ తేమకు చక్రాలు తుప్పుపడతాయి. లోపలిగది బీరువాయే మేలు.

మూడోది మన మంచితనం. కొబ్బరినూనె వెయ్యకండి, చలికి గడ్డకట్టి దుమ్ముతో బంక అవుతుంది. ప్లాస్టిక్కుకు హాని చెయ్యని పల్చని నూనె సూదిమొనతో ఒక్క చుక్క చాలు. బట్టల పెట్టెలో వేసినట్టు కలరావుండలు వెయ్యకండి, ఆ వాసనకు కొన్నిరకాల ప్లాస్టిక్కు మెత్తబడుతుంది. పెట్టెలో వచ్చిన నురుగుదిండు ఏళ్ళు గడిస్తే కరిగి రంగుకు అంటుకుంటుంది. దానికి బదులు ఉతికిన పాత నూలుగుడ్డ చుట్టండి. రెండు మూడు నెలలకొకసారి పావుగంట నడపండి. నిలవవుంచిన నూనె బిగుసుకుపోతుంది.

పాతవి కొనేవారు మరొకటి చూసుకోవాలి. జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాలలో సీసం కల్తీ వుంటే, ఏళ్ళు గడిచాక లోపలి నుంచి ఉబ్బి, బీటలువారి, రవ్వలు రవ్వలుగా రాలిపోతాయి. యుద్ధానికి ముందటి ఇంజన్లలో ఇది ఎక్కువ. దీనికి మందు లేదు. భూతద్దం పెట్టి, చక్రాల అంచుల్లో, అడుగుపోతలో సన్నని వెంట్రుకబీటలున్నాయేమో చూసి మరీ డబ్బివ్వండి.

పిల్లల సంగతి. ఈ నమూనాలు పసిపిల్లల ఆటకు చేసినవి కావు, పెట్టెమీద రాసిన వయస్సు చదవండి. అలాగని "ముట్టుకోకు!" అని కేకలు వెయ్యకండి. పక్కన కూర్చోబెట్టుకుని చక్రాలు లెక్కపెట్టించండి. తాతగారి పక్కన కూర్చుని ఒకసారి లెక్కపెట్టిన మనవడు ఇక జన్మలో దాన్ని గచ్చు మీద తొయ్యడు.

అసలు బండిని చూడాలంటే

పోలిక తెలియాలంటే అసలును ఒక్కసారైనా చూడాలి. ఢిల్లీ వెళ్ళినప్పుడు 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియంకు ఒక పూట కేటాయించండి. అక్కడికి కొద్ది దూరంలో హర్యానాలో రేవాడీ షెడ్డు వుంది. వై.పి., వై.జి., డబ్ల్యు.పి. తరగతుల ఇంజన్లను అక్కడ కాపాడుతున్నారు. పూనాలో 1998లో మొదలైన జోషీవారి చిన్నరైళ్ళ మ్యూజియం, బల్లమీద రైలులోకం ఎలా వుంటుందో చూపిస్తుంది.

ఇంతదూరం పోలేనివారికి ఒక పని చెబుతాను. ఖర్చు లేదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో రైల్వేలో పనిచేసి దిగిపోయిన పెద్దలుంటే, ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. ఏ ఇంజను, ఏ షెడ్డు, ఏ రంగు, ఎంత నీళ్ళు పట్టేది, ఏ మలుపులో విజిలు వేసేవారు అని అడగండి. పాత ఫోటోలుంటే వెనుక పెన్సిలుతో సంవత్సరం, స్టేషను పేరు రాయించండి. ఆ నోటుపుస్తకాన్ని ఇంజను పెట్టె పక్కనే బీరువాలో పెట్టండి. పెట్టెలో వున్నది పరాయిదేశపు ఇంజనే కావచ్చు. పుస్తకంలో వున్నది మాత్రం మన లైను. ఎప్పుడో ఒకరోజు మన వై.పి.కి అచ్చు చెక్కడానికి ఎవరైనా పూనుకుంటే, వారికి మొదట కావలసింది డబ్బు కాదు, ఆ పుస్తకం.